శాలువాతో తీరే బాకీ కాదు

జెండా పండుగ నాడు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. బడి ఆవరణలోనో, మున్సిపల్ ఆఫీసు ముందరో షామియానా వేసి, ఊళ్లో ఉన్న మాజీ సైనికుణ్ణి పిలిచి కుర్చీలో కూర్చోబెడతాం. శాలువా కప్పి, దండ వేసి, ఫొటో దిగుతాం. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆయన నోరు తెరిచే లోపల ఇంకో నాయకుడు వస్తాడు, మైకు చేతులు మారుతుంది. మధ్యాహ్నానికి షామియానా విప్పేస్తారు. మళ్లీ జనవరి 26 వచ్చేదాకా ఆ మనిషి ఎక్కడున్నాడో, ఎట్లున్నాడో అడిగేవాళ్లు ఉండరు.

ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాల్లో ఇట్లాంటి సన్మానాలు ఎన్నో చూశాను. చేసేవాళ్ల మనసు మంచిదే. కానీ దేశం కోసం బతకడమనే పనిని యూనిఫాం వేసుకున్నవాళ్ల ఖాతాలో రాసేసి, మన వంతుకు చప్పట్లు మాత్రం మిగుల్చుకుంటున్నాం. యూనిఫాం విప్పిన తర్వాత ఆ మనిషి ఏం చేశాడన్నది మనకు పట్టదు. మనం నేర్చుకోవాల్సింది మాత్రం అక్కడే ఉంది. యుద్ధనౌక నడపడం మనలో ఎవరికీ రాదు. పక్కవాడికి అన్యాయం జరిగితే లేచి అడగడం మాత్రం అందరికీ చేతనైన పనే.

అట్లా లేచి అడిగిన మాజీ నౌకాదళాధిపతి అడ్మిరల్ లక్ష్మీనారాయణ రామదాస్ 2024 మార్చి 15న సికింద్రాబాదు మిలిటరీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనకు తొంభై ఏళ్లు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద బస్సెక్కితే అది మనకు ఎంతో దూరం కాని చోటు. అంత దగ్గర్లో అంత పెద్ద మనిషి పోతే మన ఊళ్లో ఒక సంతాప సభ జరిగిందని నేను వినలేదు. ఆయన్ను స్మరించుకునే పని ఇప్పుడైనా చేద్దామని ఇది రాస్తున్నాను. ఆయన మన ఊరివాడు కాడు, బొంబాయిలో పుట్టాడు. కానీ ఆయన రిటైరయ్యాక గడిపిన మూడు దశాబ్దాలను పరిశీలిస్తే, మన మండలాల్లో మనం తప్పించుకు తిరుగుతున్న ప్రశ్నలే ఆయనకు ఎదురయ్యాయి. ఆయన తప్పించుకోలేదు.

నౌకాదళ జీవితం గురించి క్లుప్తంగా చెబుతాను. 1949లో సైనిక శిక్షణకు వెళ్లారు. 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో ఐఎన్‌ఎస్ బియాస్ నౌకకు కమాండర్. విమానవాహక నౌక విక్రాంత్‌తో కలిసి తూర్పు పాకిస్తాన్ రేవులను దిగ్బంధించిన దళంలో ఆ నౌక ఉంది. ఆ యుద్ధానికి ఆయనకు వీరచక్ర వచ్చింది. తర్వాత విశాఖపట్నంలో తూర్పు నౌకాదళానికి అధిపతిగా పనిచేశారు. 1990 నవంబర్ 30 నుంచి 1993 సెప్టెంబర్ 30 దాకా భారత నౌకాదళాధిపతి. ఆడవాళ్లను అధికారులుగా నౌకాదళంలోకి తీసుకోవడం 1992లో ఆయన హయాంలోనే మొదలైంది. వైద్య విభాగం తప్ప మరే విభాగంలోనూ ఆడవాళ్లకు చోటు లేని రోజులవి. ముగ్గురు కూతుళ్ల తండ్రి ఆ పని చేశాడంటే అందులో ఇంటి ప్రభావం ఉండే ఉంటుందని నా నమ్మకం.

ఆ ఇంటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భార్య లలిత కూడా నౌకాదళ కుటుంబం నుంచి వచ్చినవారే. ఆమె తండ్రి వైస్ అడ్మిరల్ కటారి 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి మొట్టమొదటి భారతీయ అధిపతి అయ్యారు. ఆయన కూడా సికింద్రాబాదులోనే కన్నుమూశారు. తండ్రి వైస్ అడ్మిరల్, భర్త అడ్మిరల్ అయిన ఆమె అధికారుల క్లబ్బుల్లో కాలం గడిపేయొచ్చు. కానీ ఆమె ఢిల్లీ బస్తీల్లో పిల్లల చదువు కోసం పనిచేశారు. 1984 నవంబర్‌లో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు సహాయ శిబిరాల్లో బాధితుల మధ్య నిలబడ్డారు. అప్పటికి భర్త సర్వీసులో ఉన్న పెద్ద అధికారి. ‘ఆయన ఉద్యోగానికి ఇబ్బంది అవుతుంది, మనకెందుకు’ అనుకోవడానికి ఆమెకు అన్ని కారణాలూ ఉన్నాయి. మన ఇళ్లల్లో ఆ మాట ఎన్నిసార్లు వినపడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పిల్లవాడి సర్కారు కొలువు, అల్లుడి బదిలీ, తమ్ముడి కాంట్రాక్టు... వీటిలో ఏదో ఒకటి అడ్డం పెట్టుకుని ఎన్ని అన్యాయాల ముందు తల దించుకుని వెళ్లిపోయామో.

మంచి కుటుంబీకుడంటే మన లెక్క ఒకటుంది. పిల్లల్ని చదివించాడు, ఇల్లు కట్టాడు, తాగడు, తిరగడు. అవన్నీ మంచివే. రామదాస్ ఇంట్లో ఆ లెక్క అక్కడితో ఆగలేదు. కూతురు కవిత పాకిస్తాన్‌కు చెందిన యువకుణ్ణి పెళ్లి చేసుకుంది. పాకిస్తాన్‌తో యుద్ధం చేసి పతకం అందుకున్న సైనికుడు ఆ బంధుత్వాన్ని దాచుకోలేదు. భారత–పాకిస్తాన్ ప్రజల మధ్య శాంతి కోసం ఏర్పడిన ప్రజా వేదికలో ముందు వరసలో నిలిచారు. 1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత దేశమంతా మిఠాయిలు పంచుకుంటుంటే, ఆయుధాల గురించి మనందరికంటే ఎక్కువ తెలిసిన ఆయన అణ్వాయుధాలు వద్దన్నారు. 2004లో పాకిస్తాన్ మానవ హక్కుల కార్యకర్త ఐ.ఎ. రెహ్మాన్‌తో కలిసి రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఇంకో కూతురు సాగరి పశువైద్యురాలు. మన తెలుగు రాష్ట్రాల్లో ఆదివాసులు, పశుపోషకుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పిల్లలు తండ్రి పతకాలను అల్మారాలో దాచుకోవడం కంటే తండ్రి అలవాటును కొనసాగించడాన్ని ఎంచుకున్నారు.

రిటైరయ్యాక ఆయన ఢిల్లీలో బంగళా వెతుక్కోలేదు. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లా అలీబాగ్ దగ్గర భైమాల అనే పల్లెకు వెళ్లి సేద్యం చేసుకున్నారు. అక్కడే ఆయన జీవితం మన యాచారానికి బాగా దగ్గరగా వస్తుంది. 2000ల మధ్యలో ఆ జిల్లాలో మహా ముంబై సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) పేరుతో రిలయన్స్ కోసం వేల ఎకరాల సేకరణ మొదలైంది. రైతులు ఎదురు తిరిగారు. రామదాస్ దంపతులు రైతుల పక్కన నిలబడ్డారు. 2008 సెప్టెంబర్ 21న పెణ్ తాలూకాలోని 22 ఊళ్లల్లో ప్రభుత్వమే రైతుల అభిప్రాయం సేకరించాల్సి వచ్చింది. అత్యధికులు భూమి ఇచ్చేది లేదన్నారు. చివరికి ఆ సేకరణ ఆగిపోయింది.

మన యాచారం మండలంలో మేడిపల్లి, నానక్‌నగర్, తాడిపర్తి, కుర్మిద్ద రైతులు ఫార్మా సిటీ కోసం సేకరించిన తమ భూముల గురించి ఏళ్లుగా కోర్టు మెట్లెక్కుతున్నారు. ప్రాజెక్టు పేరు మారింది, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. రైతు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. పక్క మండలంలో ఉన్న మనం ఏం చేశాం? భూముల ధర ఎంత పెరుగుతుందో లెక్క వేసుకున్నాం. రోడ్డు ఏ సర్వే నంబరు పక్క నుంచి పోతుందో ఆరా తీశాం. ప్రాజెక్టు రావాలా వద్దా అన్న దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు, నాకు దాని మీద పేచీ లేదు. కానీ తరతరాల సేద్యం పోతుందని ఒక ముసలాయన కలెక్టరేట్ ముందు కూర్చుంటే ఆయన పక్కన ఒక పూట కూర్చోవడానికి ప్రాజెక్టును వ్యతిరేకించనక్కరలేదు. ఆయన మాట వినాలని అడిగితే చాలు. రాయగఢ్‌లో మాజీ నౌకాదళాధిపతి చేసింది అదే. సొంత భూమి పోతేనే మాట్లాడాలన్న నియమం ఆయన పెట్టుకోలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సైనికుడు ప్రభుత్వాన్ని ప్రశ్నించడమేమిటని. ఇది మన ఊళ్లో కూడా వినిపించే మాటే. ప్రశ్నించినవాణ్ణి దేశానికి వ్యతిరేకి అనడం ఈ మధ్య మరీ తేలికైపోయింది. రామదాస్ జీవితమే దానికి జవాబు. 2011లో అణు విద్యుత్ కేంద్రాల భద్రతను స్వతంత్రంగా పరీక్షించాలని సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మతో పాటు ఆయనా ఉన్నారు. ఆమ్ ఆద్మీ పార్టీకి అంతర్గత లోక్‌పాల్‌గా ఉన్నప్పుడు ఆ పార్టీలో తప్పులు కనిపిస్తే వాటినీ అడిగారు. 2015 మార్చిలో ఆ పదవి పోయింది. మెత్తబడలేదు. 2019 సార్వత్రిక ఎన్నికల ముందు, సైన్యాన్ని ఓట్ల కోసం వాడుకోకుండా చూడాలని ఎన్నికల సంఘానికి లేఖ రాశారు. ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడవద్దని ఎన్నికల సంఘం ఆ మార్చిలో పార్టీలకు సూచన ఇచ్చింది. మన చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీల మీద జవాను బొమ్మ పక్కన తన బొమ్మ వేయించుకునే ప్రతి నాయకుడూ ఆ లేఖను ఒకసారి తలుచుకోవాలి. ఆ ఫ్లెక్సీలకు చందా ఇచ్చే మనమూ తలుచుకోవాలి.

దామగుండం సంగతి కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందటిదాకా మన రంగారెడ్డి జిల్లాలోనే ఉన్న వికారాబాద్ అడవుల్లో, సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో కేంద్రం కడుతోంది. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో సంబంధం కోసం దేశానికి అట్లాంటి కేంద్రాలు అవసరం కావచ్చు. తమిళనాడు తిరునెల్వేలి దగ్గర అట్లాంటిది ఒకటి 1990 నుంచి పనిచేస్తోంది. చెట్లు పోతాయని, వాగులు ఎండుతాయని అడిగిన ఊరి జనాన్ని, పర్యావరణ కార్యకర్తలను మాత్రం దేశద్రోహుల్లా చూడటం తప్పు. నౌకాదళాన్ని గౌరవించడమూ, అడవి గురించి అడగడమూ ఒకే మనిషి ఒకే రోజున చేయగల పనులు.

ఇంతసేపూ చెప్పిన వాటికంటే మన ఊరి మనస్సాక్షిని ఎక్కువ నిలదీయాల్సిన విషయం ఒకటుంది. దాన్ని మనం మరిచిపోయాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం పెట్టారు. ఒక్క రోజున 34 మంది ఆడవాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు. ఇన్‌ఫెక్షన్ సోకింది. మిగిలిన వాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. విచారణ కమిటీ వేశారు, సస్పెన్షన్లు జరిగాయి, కుటుంబాలకు అయిదేసి లక్షలు ప్రకటించారు. పది రోజులు టీవీ బండ్లు మన ఆసుపత్రి ముందు నిలబడ్డాయి. తర్వాత వెళ్లిపోయాయి. మనమూ మన పనుల్లో పడిపోయాం.

ఇట్లాంటి శిబిరాల గురించి దేశానికి ముందే హెచ్చరిక ఉంది. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో ఇదే రకం శిబిరాల్లో పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. ఇట్లాంటి శిబిరాల మీద దేవికా బిశ్వాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 14న తీర్పు ఇస్తూ, మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతిని మానిపించాలని చెప్పింది. ఆ గడువు లెక్కన 2019తో ఇవి ఆగిపోవాలి. 2022లో మన ఊళ్లో ఎందుకు జరిగాయి? ఈ ప్రశ్న ప్రభుత్వానికి మాత్రమేనా? ఆ రోజు ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచి ఎంతమందిమి నడిచి వెళ్లాం? ఒకే రోజున అంతమంది ఆడవాళ్లను వరసగా పడుకోబెడుతుంటే పరికరాలు సరిగ్గా శుభ్రం చేసే టైము ఉంటుందా అని ఒక్క కౌన్సిలరో, ఒక్క సంఘం నాయకుడో, ఒక్క చదువుకున్న పిల్లవాడో అడిగి ఉంటే? ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు మన చుట్టూ ఉన్నాయి. ఒక గదిలో ఒక పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టడం మన పిల్లలకు రాదా?

మగవాళ్లతో నేరుగా ఒక మాట. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది, ప్రమాదం తక్కువది. పొట్ట కోయరు, ఆసుపత్రిలో రోజుల తరబడి ఉండక్కరలేదు. అయినా మన దగ్గర ఈ ఆపరేషన్లలో దాదాపు అన్నీ ఆడవాళ్లకే జరుగుతున్నాయి. మగతనం పోతుందన్న అపోహ ఒకటి, కూలిపని చేయలేమన్న భయం ఒకటి, ‘అది ఆడవాళ్ల విషయం’ అన్న అలవాటు ఒకటి. పిల్లల్ని కని, పాలిచ్చి, పొలానికి పోయే మనిషి మీదే కత్తి భారం కూడా వేసి, మనం ఇంటి పెద్దలమని చెప్పుకుంటున్నాం. చనిపోయిన ఆ నలుగురి ఇళ్లల్లో మగవాళ్లను నేను వేలెత్తి చూపడం లేదు. వాళ్ల దుఃఖం వాళ్లకు చాలు. వాళ్లకు ఇంకో దారి ఉందని చెప్పని ఊరు మనది. మనందరిదీ.

నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ మనకు ఎంత పనికొస్తారో ఆలోచించండి. 2022కు ముందు చేరిన నావికుడు పదిహేను, ఇరవై ఏళ్లు సర్వీసు చేసి నలభై దాటకముందే ఇంటికొస్తాడు. ఎక్కువ మంది హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గరో, బ్యాంకు ముందరో సెక్యూరిటీ ఉద్యోగం వెతుక్కుంటారు. ఓడలో మంచినీళ్లు కొలిచి వాడిన మనిషి అతను. చిన్న పొరపాటుకు వందలమంది మునిగిపోయే చోట, చేసే ప్రతి పనినీ వరసగా సరిచూసి, సంతకం పెట్టి, తర్వాతి వాడికి అప్పగించడం అలవాటైన మనిషి. మంటలార్పడం, ప్రథమ చికిత్స నేర్చినవాడు. అట్లాంటి వాళ్లను ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఎందుకు కూర్చోబెట్టం? ఆపరేషన్ గదిలో పరికరాల శుభ్రతకు రిజిస్టరు ఉందా, అందులో సంతకాలు ఉన్నాయా అని నెలకోసారి చూసే పని అప్పగిస్తే? మన పెద్ద చెరువు నాలుగు వందల ఏళ్లకు పైబడిన కుతుబ్‌షాహీల నాటిది. దాని కాలువల మీద ప్లాట్లు లేస్తుంటే, శిఖం హద్దులు కొలిపించే కమిటీకి అట్లాంటి మాజీ నావికుణ్ణి పెద్దగా పెడితే? శాలువా కంటే ఆ కుర్చీ ఆయనకు ఎక్కువ గౌరవం. మనకు ఎక్కువ లాభం.

రామదాస్ పేరు మీద విగ్రహం పెడదామని నేను అనడం లేదు. వీధికి పేరు పెడదామనీ అనను. ఆయన చేసినట్టు ఒక లేఖ రాద్దాం. మన ఊళ్లో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. తెల్ల కాగితం చాలు. దాని మీద ఇట్లా అడగండి: 2022 ఆగస్టు శిబిరం మీద విచారణ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రతి ఇవ్వండి. దాని మీద తీసుకున్న చర్యలు చెప్పండి. ఆ తర్వాత ఈ ఆసుపత్రిలో ఎన్ని శిబిరాలు జరిగాయో, ఒక్కో రోజు ఎంతమందికి చేశారో చెప్పండి. ఆ కుటుంబాలకు ప్రకటించిన సాయంలో ఎంత అందిందో చెప్పండి. ఈ నాలుగు ప్రశ్నలు రాసి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారికి పంపండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు ఉంది. ఒక్కరు పంపితే ఫైల్లో పడుతుంది. ఒక్కో కాలేజీ నుంచి, ఒక్కో మహిళా సంఘం నుంచి, ఒక్కో మాజీ సైనికుడి ఇంటి నుంచి ఒక్కోటి వెళ్తే ఎవరూ పక్కన పెట్టలేరు. వచ్చిన జవాబును గ్రామసభలో, మున్సిపల్ వార్డు సభలో మైకు పట్టుకుని చదవండి. చదివే పని ఊళ్లో ఉన్న మాజీ సైనికుడికి ఇవ్వండి. ఈసారి ఆయన చేతిలోంచి మైకు లాక్కోవద్దు.